ఇంటికిని, రేసు బాటకును ఒకే కారు

కారు కొనుట మన సామాన్య కుటుంబములలో ఒక పెండ్లి చేయుట వంటి పని. పది మంది పది విధముల ఆలోచన చెప్పుదురు. కొంత అప్పు తప్పదు. ఒకసారి ఇంటికి వచ్చిన పిమ్మట పదేండ్లపాటు దానితో కాపురము చేయవలెను. ఈ ఆలోచనలలో నేడు ఒక క్రొత్త కోరిక వచ్చి చేరినది. "కారు నాయనమ్మను ఆసుపత్రికి తీసికొనిపోవలెను, పిల్లలను బడి వద్ద దింపవలెను. కాని ఏడాదికి ఒకటి రెండు మారులు రేసు బాటపై తనివితీర నడుపుకొనుటకును పనికి రావలెను" అని ఇంటిలోని పడుచువారు అడుగుచున్నారు. ఈ మాట విని పెద్దలు నవ్వుదురు, లేదా కోపగింతురు. ఆ రెండింటికిని ముందు కొంత విచారించి చూచుట మంచిది.

రేసు బాట యనిన వెంటనే మనకు పందెములు జ్ఞప్తికి వచ్చును. నేను చెప్పుచున్నది పందెము కాదు. రుసుము తీసికొని, ఎవరి కారును వారు ఆ బాటపై నడుపుకొనుటకు నిర్వాహకులు అనుమతించు దినములు కొన్ని కలవు. వానిని ట్రాక్ డే లందురు. అక్కడ ఎదురు వచ్చు బండి యుండదు, అడ్డము వచ్చు పశువుండదు, వంపు చాటున బడిపిల్లలుండరు. తలకు హెల్మెట్టు ధరించి, నిర్వాహకుల జెండాలకు లోబడి, తన చేతి నేర్పును తాను పరీక్షించుకొనుటయే అక్కడి పని. జర్మనీ దేశములో 1927లో నిర్మించిన నూర్బుర్గ్‌రింగు బాటపై, సుమారు 21 కిలోమీటర్ల చుట్టును, నేటికిని సామాన్య జనులు సుంకము చెల్లించి తమ ఇంటి కార్లతో తిరుగుచున్నారు.

మన దక్షిణాదిని పేరుపొందిన బాటలు రెండు. ఒకటి చెన్నై నగరమునకు పడమట శ్రీపెరుంబుదూరు దాపున ఇరుంగట్టుకోట్టైలో 1990లో వెలసినది. దాని చుట్టు 3.7 కిలోమీటర్లు. రెండవది కోయంబత్తూరు సమీపమున 2003లో ఏర్పడిన కరి మోటార్ స్పీడ్‌వే. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్లతో ఫార్ములా ఇ పందెము జరిగినది. కాని అది ఆ పందెము కొరకు మూసి యుంచిన నగరపు రోడ్డే గాని, ఇంటి కారుతో పోయి తిరుగదగిన బాట కాదు.

ఇంటి కారుతో వేగపు క్రీడ మనకు వింత కాదు. రెండవ ప్రపంచ యుద్ధమున వాడిన షోలవరము విమానాశ్రయపు బాటపై, మద్రాసుకు ఉత్తరమున, 1950ల నుండి ఏండ్ల తరబడి పందెములు జరిగినవి. వీధులలో తిరుగు ఫియట్టులు, హెరాల్డులు అక్కడ పరుగులు తీసినవి. తెలుగు కుటుంబములు తరతరాలుగా స్థిరపడిన కోయంబత్తూరులో, లక్ష్మీ మిల్లుల కుటుంబమునకు చెందిన కరివర్ధన్ ఇంకొక అడుగు వేసినాడు. మన ఇండ్ల ముంగిట నిలుచు మారుతి 800 కారులోని 796 సి.సి. ఇంజనును తీసికొని, ఒక్కరే కూర్చుండు రేసు కారును రూపొందించినాడు. అదియే ఫార్ములా మారుతి. 2005లో ఫార్ములా వన్ పందెములలో ప్రవేశించిన ప్రథమ భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ తొలుత నడిపినది ఈ ఫార్ములా మారుతినే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదమున మరణించినాడు. కోయంబత్తూరు బాట ఆయన పేరిటనే వెలసినది.

ఈ కథవలన ఒక నీతి తేలుచున్నది. వేగపు విద్యకు గొప్ప ఇంజను మొదటి యవసరము కాదు. ఆంగ్ల దేశపు మినీ కారు ఇందుకు మరియొక తార్కాణము. 1959లో ఇసిగోనిస్ అను ఇంజనీరు దానిని చిన్న కుటుంబముల కొరకు పది అడుగుల పొడవున నిర్మించినాడు. 1961లో దాని మినీ కూపర్ రూపము వెలువడినప్పుడు ఇంజనును కొంత పెంచిరి. దానితోపాటు ముందు చక్రములకు డిస్కు బ్రేకులను బిగించిరి. ఆ చిట్టి కారు 1964, 1965, 1967 సంవత్సరములలో మాంటీ కార్లో ర్యాలీలో గెలుపొందినది. పరుగు పెంచినప్పుడు ఆపు శక్తిని గూడ పెంచవలెనను తెలివి అందున్నది.

ఇక మన లెక్క మనము వేసికొందము. వర్ధన్నపేటలో ఒక కుటుంబము కారు కొన్నదనుకొనుడు. దాని నిత్యకృత్య మేమి? వరంగల్లు ఆసుపత్రికి, ఎనుమాముల మార్కెట్టుకు, చుట్టముల ఇండ్లకు, ఐనవోలు మల్లన్న జాతరకు పోవుట. వానకాలమున బురద, ప్రతి ఊరి మొదట స్పీడ్ బ్రేకరు, కోతల కాలమున రోడ్డు పొడవునను ఎండబోసిన వడ్లు, మక్కలు. ఇదే కారు రేసు బాటకు పోవలెనన్న ఖమ్మము, విజయవాడల మీదుగా ఆరు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేయవలెను. అక్కడ ఒక పగలు పరుగెత్తి, మరల అంత దూరము తిరిగి రావలెను. మరునాటి ఉదయమున పిల్లలను బడికి తీసికొనిపోవలెను. కావున మనకు కావలసినది అందరికంటె ముందు గీత దాటు కారు కాదు, క్షేమముగా ఇంటికి తిరిగి వచ్చు కారు. ఎన్నికకు ఇదియే గీటురాయి.

ఈ గీటురాయిపై మొట్టమొదట పరీక్షింపవలసినవి బ్రేకులు. వేయి కిలోల బరువుగల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా ఒక్కసారి పూర్తిగా ఆపితిమనుకొనుడు. ఆ పరుగులోని శక్తి వేడిమిగా మారును. ఆ వేడిమితో లీటరు పైచిలుకు మామూలు నీటిని మరిగింపవచ్చును. వేగము రెట్టింపైనచో వేడిమి నాలుగింతలగును. రోడ్డుపై ఇట్టి బ్రేకు ఏ దినముననో ఒకసారి పడును. రేసు బాటపై ప్రతి చుట్టులోను అనేక మారులు పడును. చల్లారుటకు వ్యవధి యుండదు.

ఆ వేడిమి బ్రేకు నూనెకు చేరును. డాట్ 4 అను రకపు బ్రేకు నూనె క్రొత్తదైనప్పుడు కనీసము 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరుగరాదు. కాని దానికి గాలిలోని తేమను పీల్చు గుణము కలదు. నూటికి నాలుగు పాళ్లకు లోపుగానే నీరు చేరినను, ఆ మితి 155 డిగ్రీలకు దిగవచ్చును. నూనె మరిగి బుడగలు లేచినచో పెడలు మెత్తగా నేలకు దిగిపోవును, కారు మాత్రము ఆగదు. కావున బాటకు పోవుటకు ముందు క్రొత్త బ్రేకు నూనె పోయించుట తప్పనిసరి. కొద్ది ఖర్చుతో జరుగు ఈ పని వేల రూపాయల అలంకారములకంటె మేలు.

రెండవది బరువు. బరువైన కారును ఆపుటకు, త్రిప్పుటకు బ్రేకులును టైర్లును ఎక్కువ శ్రమింపవలెను. ఎత్తైన జీపు వంటి కారు మన చేలబాటలకు అనుకూలమే గాని, వంపులలో ఎక్కువగా ఒరుగును. ఆ దృష్టితో చూడ, వేయి కిలోలకు అటునిటుగా నుండి, నాలుగు తలుపులు గలిగిన చిన్న కారు మన రెండు పనులకును సరిపడును. విద్యుత్ కార్లు తటాలున పరుగందుకొనును. కాని బ్యాటరీ బరువు ఎక్కువ. ఎడతెగక పరుగెత్తించినప్పుడు బ్యాటరీ వేడెక్కి, కారు తన శక్తిని తానే తగ్గించుకొనవచ్చును.

మూడవది టైర్లు. కారు ఎంత పెద్దదైనను నేలను తాకునది నాలుగు అరచేతులంత చోటు మాత్రమే. కారుతో వచ్చు కొలతగల టైరు వరంగల్లు అంగడిలో సులభముగా దొరకునా యని కొనుటకు ముందే విచారింపవలెను. చక్రము పెద్దదై టైరు అంచు పలుచనైనచో చూచుటకు సొగసుగా నుండును. కాని మొదటి గుంతలోనే రిమ్ము వంగిన, ఆ సొగసు ఏమి కాను? బాటపై పరుగెత్తినప్పుడు టైరులోని గాలి వేడెక్కి ఒత్తిడి పెరుగును. అక్కడ సరిచేసిన గాలిని, తిరుగు ప్రయాణమునకు ముందు టైర్లు చల్లారిన పిదప మరల ఇంటి కొలతకు తేవలెను. చక్రముల బోల్టులను కొలత ప్రకారము బిగించి చూచుకొనవలెను.

ఇక చేయరానివి. రేసు కొరకు చేసిన బ్రేకు ప్యాడ్లు వేడెక్కిన గాని గట్టిగా పట్టవు. చలికాలపు ఉదయమున బడి వీధిలో అవి ఇంటివారికి శత్రువులు. రేసు టైర్లు పొడిబాటపై అతుక్కొని పోవును, మన వానలలో జారును. స్ప్రింగులు కుదించి కారును క్రిందికి దింపినచో ప్రతి స్పీడ్ బ్రేకరును కారు కడుపున రాసుకొనును. అన్నిటికంటె ముఖ్యముగా, కొందరు ముచ్చటపడి లోపల ఇనుప కమ్ముల పంజరమును బిగింతురు. హెల్మెట్టు ధరించిన వానికి అది రక్ష. హెల్మెట్టు లేని పసివాని తలకు ప్రమాద సమయమున ఆ కమ్మియే దెబ్బ కొట్టును. బాటకు పోవు దినము ఒకటి, ఇంటి దినములు మూడు వందల అరువది నాలుగు. ఆ ఒక్కదాని కొరకు తక్కినవానిని పణము పెట్టరాదు.

చట్టమును గూర్చియు ఒక మాట. తయారుచేసినవారు నిర్ణయించిన మూల లక్షణములకు విరుద్ధముగా బండిని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. మామూలు బీమా పత్రములలో పందెములు, వేగ పరీక్షలు మొదలగు వానికి వర్తింపదని వ్రాసి యుండును. కావున బాటపై జరుగు నష్టము మన చేతి సొమ్మునుండియే పోవును. అంతటి నష్టమును భరింపగలమా యని కొనుటకు ముందే ఇంటిల్లిపాదియు కూర్చుండి మాటాడుకొనవలెను. భరింపలేమన్నచో ఆ దినమున నిర్వాహకుల వద్ద దొరకు కారును అద్దెకు తీసికొనుట వివేకము.

ఐనవోలు జాతరలో అలంకరించిన ఎడ్లబండ్లు గుడి చుట్టు తిరుగుట మనకు తెలిసినదే. ఆ ఎడ్లు జాతర కొరకే కొన్నవి కావు. ఏడాది పొడవునను దున్నినవే, బరువు లాగినవే. వానిని కొన్ననాడు రైతు కొమ్ముల సొగసును చూచి మోసపోలేదు. గిట్టలు చూచినాడు, నడక చూచినాడు, మెడ చూచినాడు. కారునకు గిట్టలు టైర్లు, పగ్గము బ్రేకు. ఆ రెండును గట్టివైనచో జాతరనాడు గూడ అవి మనలను సిగ్గుపడనీయవు.

ఇంతకును పెద్దలకు నా మనవి ఒక్కటే. వేగము నెడల కోరిక యవ్వనమునకు సహజము. కాదన్న మాత్రమున అది చావదు. బాటపై చోటు దొరకనిచో అది వరంగల్లు–ఖమ్మము రోడ్డుపై చోటు వెదకికొనును. అక్కడ వడ్లు నేర్పుకొను ఆడువారుందురు, చీకటిలో దీపము లేని ట్రాక్టరుండును, సైకిలుపై ఇంటికి మరలు ముసలివా డుండును. రోడ్డుపై పందెము చట్టరీత్యా నేరము. దాని మూల్యమును చెల్లించువారు తరచు ఆ పందెముతో సంబంధము లేనివారు. కావున మంచి బ్రేకులు గల చిన్న కారును కొని, సంవత్సరమున కొక దినము బాటకు పోనిండు. దానికి బదులుగా మిగిలిన దినములన్నియు రోడ్డుపై నిదానముగా నడుపుదునను మాటను తీసికొనుడు. బాటపై ఒక పగలు నడిపినవానికి, కారు ఆగుటకు ఎంత దూరము కావలెనో తన కాలితో తెలిసివచ్చును. అట్లు తెలిసికొన్నవాడు బడి ముందర దానిని మరువడు.