చిన్న పడవకు తగిన గాలపు కర్ర



వరి నాట్లు, ఎరువుల మోతాదులు చెప్పవలసినవాడు గాలం సంగతి ఎత్తుకున్నాడేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. చెరువు ఉన్న ఊళ్లో చేప కూడా ఒక పంటే. కోతలు అయిపోయి చేతిలో పని తగ్గిన రోజుల్లో చెరువు మీద, జలాశయం మీద గాలం వేసి, ఇంటికి కూరా, సంతకు నాలుగు చేపలూ తెచ్చుకునే రైతులు ఉన్నారు. వారిలో కొందరు గట్టు విడిచి చిన్న పడవ ఎక్కుతున్నారు. ఎక్కేటప్పుడు గట్టు మీద వాడిన కర్రనే వెంట తీసుకుపోతున్నారు. చిక్కు అక్కడ మొదలవుతున్నది. కాబట్టి ఒక్క మనిషి కూర్చుని నడుపుకొనే పడవకు ఎటువంటి గాలపు కర్ర తగును, దానిని ఎట్లా పరీక్షించి కొనవలెను అన్న విషయం ఈనాడు ముచ్చటించుకుందాం.

చిన్న పడవ మనకు కొత్త కాదు. కొల్లేటి ప్రాంతంలో తాటిబోదెను తొలిచి చేసిన దోనె ఉన్నది. కృష్ణ, తుంగభద్రల మీద పుట్టి ఉన్నది. సముద్రపు ఒడ్డున దుంగలు కట్టిన తెప్ప ఉన్నది. వీటికి తోడు ఈ మధ్య కయాకు అనే సన్నని పడవ కూడా మన నీళ్ల మీద కనిపిస్తున్నది. దీని పుట్టిల్లు ఉత్తర ధ్రువానికి దగ్గరి మంచు సీమ. అక్కడి ఇన్యూట్ జనం కర్ర చట్రానికి సీలు చర్మం బిగించి, వేటకు వాడుకునేవారు. ఇప్పుడు దానినే ప్లాస్టిక్కుతో పోతపోసి అమ్ముతున్నారు. చేపల వేటకు చేసినవి సాధారణంగా 10 నుంచి 12 అడుగుల పొడవు, రెండున్నర మొదలు మూడు అడుగుల వెడల్పు ఉంటాయి. రెండు కొసలా రేకులున్న తెడ్డుతో ఒక్కడే నడపవచ్చు.

దోనె కానీయండి, కయాకు కానీయండి, వీటన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉన్నది. మనిషి నీటికి జానెడు ఎత్తున కూర్చుని ఉంటాడు. లేచి నిలబడరాదు. అటూ ఇటూ నడవరాదు. పెద్ద చేప పడితే గట్టు మీద మనం ఏం చేస్తాం? నాలుగడుగులు వెనక్కు వేస్తాం, చేప పక్కకు పోతే మనమూ పక్కకు పోతాం. పడవలో ఆ వీలు లేదు. గట్టు మీద కాళ్లు చేసే పని పడవలో కర్రే చేయాలి. అందుచేత కర్రను ఎంచుకునేటప్పుడు చేప సంగతి రెండోది. మొదట చూడవలసినది మనం కూర్చునే తీరు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగిలినవన్నీ దాని వెంటే వస్తాయి.

మొదట పొడవు. ఒక రైతుల సమావేశంలో ఒక పెద్దాయన, "ఆఫీసరు గారూ, కర్ర పొడుగైతే దూరం విసరొచ్చు గదా, పొట్టిదెందుకు కొనమంటారు?" అని అడిగారు. మంచి ప్రశ్నే. గట్టు మీద కూర్చున్నవానికి 12 అడుగుల వెదురు అవసరమే, ఎందుకంటే చేప దగ్గరకు అతను పోలేడు. పడవలో ఉన్నవాడు చేప దగ్గరకే పోతాడు. దూరం సంగతి తెడ్డు చూసుకుంటుంది. ఇక పొడుగు కర్ర వల్ల కలిగే నష్టం చూడండి. చేప పడవ పక్కకు వచ్చింది. దానిని చేతికి అందుకోవాలంటే కర్రను తల వెనక్కు ఎత్తాలి. 9, 10 అడుగుల కర్రను కూర్చున్నచోటి నుంచి అట్లా ఎత్తితే చేప ఇంకా చేతికి అందదు. ఇంకాస్త ఎత్తుతాం. కర్ర కొస కొడవలిలాగా వంగి పుటుక్కున విరుగుతుంది. కర్రలు విరిగే సందర్భాలలో ఇది ముఖ్యమైనది.

అట్లాగని మరీ పొట్టి కర్రా పనికిరాదు. పడిన చేప పడవ ముక్కు కిందుగా అవతలి వైపుకు దూరుతుంది. అప్పుడు కర్ర కొసను ముక్కు దాటించి, దారాన్ని అవతలికి తిప్పాలి. కర్ర చాలకపోతే దారం పడవ అడుగుకు రాసుకుని తెగుతుంది. లేదా మనిషి ముందుకూ పక్కకూ వాలుతాడు. నాకు తెలిసిన ఒక యువరైతు ఇట్లాగే ఐదడుగుల కర్రతో జలాశయంలోకి పోయాడు. కొర్రమీను ముక్కు కింద దూరింది. దారం తప్పించబోయి పక్కకు వాలాడు, పడవ బోల్తాపడింది. లైఫ్ జాకెట్ తొడుక్కొని ఉన్నాడు గనుక పడవ పట్టుకొని తేలి, బతికి ఒడ్డుకు చేరాడు. కర్ర పోయింది, చేప పోయింది. ఆ జాకెట్ కూడా లేకపోతే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

కాబట్టి కొలత ఇట్లా తీసుకోండి. పడవను నేల మీద పెట్టి, మీ చోట మీరు కూర్చోండి. కర్ర పట్టుకున్న చెయ్యి ముందుకు చాపండి. కర్ర కొస పడవ ముక్కును జానెడైనా దాటాలి. 10, 12 అడుగుల కయాకుకు 7 అడుగుల కర్ర సరిపోతుంది. ఆరున్నర నుంచి ఏడున్నర అడుగుల లోపల మీ చేతి పొడవును బట్టి నిర్ణయించుకోవచ్చును. పుట్టి గుండ్రనిది, దానికి ముక్కు లేదు గనుక 6, ఆరున్నర అడుగులు చాలు.

రెండవది పిడి. రీలుకు వెనుక ఉండే పిడి భాగాన్ని చాలామంది గమనించరు. గట్టు మీద పొడుగు పిడిని చంకలో ఇరికించుకుంటే బలంగా ఉంటుంది. కూర్చున్నవానికి అదే పిడి జాకెట్టుకు తగులుతుంది, తొడకు తగులుతుంది, కర్రను ఒక పక్క నుంచి మరో పక్కకు మార్చనివ్వదు. రీలు దగ్గర పట్టుకొని పిడిని ముంజేతికి ఆనించి చూడండి. అది మోచేతి దాకా వస్తే చాలు, మోచేయి దాటి పొడుచుకొని రాకూడదు. తడిచేతికి జారని బెరడు పిడి గాని, మెత్తని నురుగు పిడి గాని మంచిది.

మూడవది వంపు. మరీ బిరుసుగా ఉన్న కర్ర చేప కుదుపును నేరుగా మన నడుముకు చేరవేస్తుంది. నడుము కదిలితే పడవ కదులుతుంది. మరీ మెత్తని కర్రయితే గుర్రపుడెక్కలోకీ తామరతూళ్లలోకీ దూరే కొర్రమీనును ఆపలేదు. కొస మెత్తగా, నడుమ నుంచి గట్టిగా ఉన్న మధ్యరకం కర్ర మనకు కావలెను. దుకాణంలో రీలు బిగించి, దారాన్ని ఉంగరాలన్నిటి గుండా తీసి, కొసకు కిలో బరువు కట్టించండి. కర్రను ఏటవాలుగా మెల్లగా ఎత్తండి. పై మూడోవంతు చక్కగా వంగి, నడిమి భాగం కొంచెం వంగి, పిడి దగ్గర కదలకుండా ఉంటే అది మీకు తగిన కర్ర. కొస నుంచి పిడి దాకా విల్లులా వంగిపోయినా, కొస కూడా వంగకపోయినా దానిని పక్కన పెట్టండి.

ఇక్కడే రీలు బిగువు గురించి కూడా చెప్పవలెను. చేప ఒక హద్దు మించి లాగితే దారం వదిలేటట్టు రీలుకు మర ఉంటుంది. టంగూసు దారం బలంలో నాలుగోవంతుకు ఆ మర బిగించడం మంచిది. 4 కిలోల బలం గల దారానికి కిలో దగ్గర దారం వదలాలి. స్ప్రింగు కాటాతో లాగి చూసుకోవచ్చు. చేప లాగితే చిన్న పడవ కూడా దానితోపాటు కొంత కదులుతుంది. దానికి భయపడనక్కరలేదు. అట్లా లాగిలాగి చేపే అలసిపోతుంది. అయితే అది పడవ ముక్కు వైపు నుంచి లాగేటట్టు చూసుకోవలెను. నిడివిన పడవ నిలకడగా ఉంటుంది, పక్కకు లాగితేనే ఒరుగుతుంది.

నాలుగవది కర్ర చేసిన సరుకు. మన వెదురు ఈనాటికీ పనికిమాలినది కాదు. బోలు తక్కువగా, కణుపులు దగ్గరగా ఉన్న ముదురు వెదురును నీడలో ఆరబెట్టి, పుచ్చు లేకుండా చూసుకుంటే చిన్న చేపలకు చక్కగా సరిపోతుంది. దుకాణంలో దొరికేవి ముఖ్యంగా రెండు రకములు. ఫైబర్ గ్లాసు, అంటే గాజునార కర్ర కొంచెం బరువు, కాని మొండిది. పడవ అంచుకు తగిలినా, తెడ్డు దెబ్బ తగిలినా సులభంగా చెడదు. కార్బన్ కర్ర తేలిక, చేప ముట్టిన సంగతి చేతికి చక్కగా తెలుస్తుంది. కాని దాని మీద గాటు పడితే మరో రోజు బరువు పడ్డప్పుడు అక్కడే విరుగుతుంది. ఇరుకు పడవలో కర్రకు దెబ్బలు తప్పవు. కొత్తగా మొదలుపెట్టేవారికి గాజునారే నయం.

కార్బన్ కర్ర కొన్నవారికి ఒక హెచ్చరిక. కార్బనులో కరెంటు పారుతుంది. చేపల చెరువుల మీదుగా మోటార్లకు, నీటిలో గాలి కలిపే యంత్రాలకు కరెంటు తీగలు పోతుంటాయి. కొన్ని చోట్ల అవి వేలాడుతూ ఉంటాయి. తీగ దగ్గర కర్ర విసరరాదు. తీగ కింద నుంచి పోవలసి వస్తే ముందుగానే కర్రను పడవలో పడుకోబెట్టవలెను. తడిసిన వెదురును కూడా నమ్మరాదు. వేసవి చివర సాయంత్రాలలో ఉరుము వినబడితే, చేప పడుతున్నా సరే, కర్ర దించి వెంటనే ఒడ్డుకు రండి. విశాలమైన నీటి మీద ఎత్తిన కర్ర పిడుగును పిలిచినట్టే.

ఇక చిన్న విషయాలు. కర్రకున్న ఉంగరాలలో కొంచెం పత్తి దూర్చి తిప్పండి. పత్తి పోగులు పట్టుకుంటే ఉంగరంలో పగులు ఉన్నట్టు, అది దారాన్ని కోస్తుంది. బస్సులో తీసుకుపోవలసినవారు రెండు ముక్కల కర్ర కొనవచ్చు. అతుకు బిగువుగా ఉండి, ఊపినప్పుడు టకటక శబ్దం రాకూడదు. ఒకదానిలో ఒకటి దూరే గొట్టపు కర్రలలోకి ఇసుకా నీరూ చేరుతాయి, పడవ పనికి అవి అంత మంచివి కావు. ఉప్పునీటిలో వాడిన కర్రను, రీలును ఇంటికి రాగానే మంచినీటితో కడగండి.

చేయి జారిన కర్ర సాధారణంగా మునిగిపోతుంది. కనుక పిడికి బారెడు తాడు కట్టి రెండో కొసను పడవకు కట్టండి. మీ మణికట్టుకు మాత్రం ఎన్నడూ కట్టుకోవద్దు. పడవ తిరగబడితే ఆ తాడే ఉరి అవుతుంది. తాడు కోయడానికి చిన్న కత్తి చేతికందే చోట ఉంచుకోండి. లైఫ్ జాకెట్ తొడుక్కోండి, పడవలో మూటగట్టి పెట్టుకుంటే ప్రయోజనం లేదు. ఈత వచ్చినవారికీ ఇదే మాట. ఒంటరిగా పోకుండా రెండు పడవలు కలిసి పోవడం మంచిది. మీ చెరువులో గాని జలాశయంలో గాని వేటకు అనుమతి అవసరమేమో సహకార సంఘం వారినీ, మత్స్యశాఖ వారినీ ముందే కనుక్కోండి.

కార్యకర్తలకు ఒక మనవి. ఈ సంగతులు ఉపన్యాసంగా చెబితే చెవికెక్కవు. చెరువు గట్టున ఒక దోనెను నేల మీద పెట్టి, రైతునే అందులో కూర్చోబెట్టండి. ముందు చెయ్యి చాపి కొలత చూపండి. తరువాత ముంజేతితో పిడి చూపండి. ఆ తరువాత కిలో బరువు కట్టి వంపు చూపండి. అరగంట పని. పాత కర్రతో ఇదే పరీక్ష చేసినప్పుడు కొస ముక్కు దాకా రాకపోతే, మీరు చెప్పనక్కరలేకుండానే రైతుకు విషయం బోధపడుతుంది.

కర్ర విరిగితే ఇంకొకటి కొనుక్కోవచ్చు. చేప తప్పించుకుంటే రేపు మళ్లీ పడుతుంది. కాని కూర్చున్న చోటి నుంచి వాలనవసరం లేని కర్ర చేతిలో ఉన్నవాడు సాయంత్రానికి ఇల్లు చేరతాడు. కర్ర ఎన్నికలో ఇంత జాగ్రత్త చెప్పింది అందుకే.