ఒకే తూకము
(క్రీడారంగమునను, కొలువులయందును స్త్రీల స్థితిని గూర్చి రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నిలిచి వెలుగుట సామాన్య విషయము కాదు. గ్రంథాలయమునకు ఒక గొప్ప గుణము కలదు. తన్ను తెరచినది ధనికుడో పేదయో, స్త్రీయో పురుషుడో పుస్తకము విచారింపదు. ఎల్లరకును ఒకే అక్షరములను చూపును. ఈ సమదృష్టి ఆటస్థలమునందును, పనిచేయు చోటులందును స్త్రీలకు ఎంతవరకు లభించినది అను ప్రశ్న ఈ ఉత్సవ సందర్భమున విచారింపదగినది. ఈ విచారణకు శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ యొకతె జీవితమే తగిన ప్రారంభము.

2000 సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన ఆస్ట్రేలియా దేశమందలి సిడ్నీ నగరమున ఒలింపిక్ క్రీడలు జరుగుచుండెను. స్త్రీల 69 కిలోల తరగతిలో బరువులెత్తు పోటీ. ఆమదాలవలస సమీపమునగల వూసవానిపేటకు చెందిన కరణం మల్లేశ్వరి స్నాచ్ పద్ధతిలో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్ పద్ధతిలో 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్య పతకమును గెలిచెను. ఒలింపిక్ క్రీడలలో పతకము నందిన ప్రథమ భారత మహిళ ఆమెయే. ఆ సంవత్సరము సిడ్నీనుండి భారతదేశమునకు వచ్చిన పతకము కూడ ఆ యొక్కటియే. ప్రథమ స్థానమునకు చేరిన మొత్తము 242.5 కిలోలు, ఆమె ఎత్తినదానికిని దానికిని నడుమ భేదము రెండున్నర కిలోలు మాత్రమే.

ఇంతవరకు అందరెరిగిన కథయే. అంతగా తలపునకు రాని సంగతి మరియొకటి కలదు. మల్లేశ్వరి 1994లోను, 1995లోను ప్రపంచ విజేతగా నిలిచెను. ఆ మరుసటి యేడు 1996లో అమెరికాలోని అట్లాంటా నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. వరుసగా రెండేండ్లు ప్రపంచ విజేతయైన ఆమె అచ్చట ఎందుకు పోటీ చేయలేదు? ఆమె ఓడలేదు, గాయపడలేదు, ఎంపికలో తప్పిపోలేదు. అచ్చట స్త్రీలకు ఆ పోటీయే లేదు. పురుషులకు 1896లో ఏథెన్సునందు జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలలోనే బరువులెత్తు పోటీ కలదు. స్త్రీలకు ఆ తలుపు తెరచుకొనుటకు నూట నాలుగేండ్లు పట్టెను. తలుపు తెరచిన నాడే ఒక తెలుగు పల్లె పడుచు లోనికి నడచి పతకముతో వెలికి వచ్చెను. కాని ఆమె ప్రపంచమున కెల్ల మేటిగానున్న నాటి ఆ అవకాశమును ఎవరు తిరిగి ఈయగలరు? క్రీడాకారుల యౌవనము స్వల్పకాలికము. నాలుగేండ్ల ఆలస్యము వారికి ఒక జీవితకాలపు నష్టము.

అసమానత్వమనగా స్త్రీని ఓడించుట మాత్రమే కాదు. పోటీకే రానీయకుండుట దానికన్న పెద్ద అసమానత్వము. ఓటమి అందరికిని కనబడును. మూసిన తలుపు వెనుక నిలిచిపోయినవారి పేరు ఏ పట్టికలోను ఉండదు. తరువాత ఆ పట్టికనే చూపి, “స్త్రీలలో సమర్థులు లేరు గదా!” అని లోకము వాదించును.

ఈ తలుపు మూయుటకు చెప్పబడిన కారణములు కూడ పరిశీలింపదగినవే. 1896 నాటి క్రీడలలో స్త్రీలకు ప్రవేశమే లేదు. 1900లో పారిస్ నగరమున పాల్గొన్న 997 మందిలో స్త్రీలు 22 మంది మాత్రమే. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున స్త్రీలకు మొదటిసారిగా పరుగుపందెములు పెట్టిరి. 800 మీటర్ల పరుగులో జర్మనీ దేశస్థురాలు లీనా రాడ్కే 2 నిమిషముల 16.8 సెకనులలో గమ్యము చేరి ప్రపంచ రికార్డు స్థాపించెను. పందెము ముగిసిన పిమ్మట కొందరు అలసి నేల వ్రాలిరి. పత్రికలు దానిని గోరంతలు కొండంతలు చేసి వ్రాసెను. స్త్రీల శరీరము అంత దూరము పరుగిడజాలదని పెద్దలు తీర్మానించిరి. ఆ పందెమును తొలగించి, తిరిగి 1960లో రోమ్ నగరమున గాని పెట్టలేదు. ముప్పది రెండేండ్లు! పరుగు ముగిసిన పిదప పురుషులును అలసి పడుదురు. అది వారి పట్టుదలకు గుర్తు అందురు. స్త్రీ పడినచో అది బలహీనతకు గుర్తు అందురు. పడుట ఒకటే, తూకములు రెండు. స్త్రీలకు మారథాన్ పరుగు 1984 వరకు ఒలింపిక్ క్రీడలలో లేదు. స్త్రీ పురుషులకు సమసంఖ్యలో స్థానములు కేటాయించుట 2024 పారిస్ క్రీడలలో గాని జరుగలేదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. “పురుషుడెత్తునంత బరువు స్త్రీ ఎత్తలేదు గదా! అట్టియెడ సమానగౌరవ మెట్లు?” అందురు. దీనికి సమాధానము ఆ క్రీడలోనే కలదు. సిడ్నీ క్రీడలలో పురుషులకు 56 కిలోల తరగతి మొదలు 105 కిలోలు దాటినవారి తరగతి వరకు వేరువేరు పోటీలు జరిగెను. చిన్న తరగతివాడు పెద్ద తరగతివానియంత బరువెత్తలేడు. అయినను అతని బంగారు పతకము తక్కువ బంగారమని ఎవ్వరును అనరు. శరీరమును బట్టి తరగతులు విభజించుట న్యాయము. ఆ విభజన పేరిట గౌరవమును, ప్రతిఫలమును తగ్గించుట అన్యాయము. పురుషులలో అంగీకరించిన నీతిని స్త్రీలకు నిరాకరించుటకు హేతువు లేదు.

క్రికెట్టునందును ఇదే కథ. స్త్రీల ప్రపంచ కప్పు పోటీ 1973లో జరిగెను. పురుషులది 1975లో గాని ప్రారంభము కాలేదు. ముందు నడచినవారే ఆదరణలో వెనుకబడిరి. భారతదేశమున స్త్రీల క్రికెట్టు 2006 వరకు ప్రధాన క్రికెట్ బోర్డు పాలనలోనికి రాలేదు. హైదరాబాదు నగరమున పెరిగిన మిథాలీ రాజ్ 1999లో తన తొలి ఒకరోజు అంతర్జాతీయ పోటీలోనే 114 పరుగులు చేసి అజేయముగా నిలిచినది ఆ విలీనమునకు పూర్వమే. 2022లో బోర్డు ఒక్కొక్క ఆటకు ఇచ్చు రుసుమును స్త్రీ పురుషులకు సమానము చేసెను: టెస్టునకు 15 లక్షలు, ఒకరోజు పోటీకి 6 లక్షలు, ఇరువది ఓవర్ల పోటీకి 3 లక్షలు. ఇది హర్షింపదగిన కార్యము. కాని 2024–25 సంవత్సరపు వార్షిక ఒప్పందములలో పురుషుల అగ్రశ్రేణికి 7 కోట్లు, స్త్రీల అగ్రశ్రేణికి 50 లక్షలు. 2025 నవంబరు 2వ తేదీన భారత మహిళలు ప్రపంచ కప్పును గెలిచిరి. ఆ జట్టులో కడప జిల్లా బాలిక శ్రీచరణి కలదు. ప్రతిభకు కొరత లేదు.

ఆటస్థలము విడచి కొలువుకూటమునకు వచ్చినను ఆ తలుపులే, ఆ తూకములే. తెలుగు కుటుంబమునకు చెందిన అయ్యలసోమయాజుల లలిత చిన్ననాటనే వివాహితయై, పదునెనిమిదవ యేట చంటిబిడ్డతో వితంతువయ్యెను. ఆనాటి సంఘము అట్టి స్త్రీకి విధించిన మూల ఆమెకు సరిపడలేదు. తండ్రి ప్రోత్సాహముతో 1940లో మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి విద్యుచ్ఛాస్త్రమును అభ్యసించెను. భారతదేశమున ఇంజనీరింగు పట్టము నందిన తొలి మహిళలలో ఆమె యొకతె. పట్టా ముద్రించిన కాగితముపై పురుషవాచకమే యుండగా దానిని కొట్టి స్త్రీవాచకము వ్రాయవలసి వచ్చెను. ఇంజనీరు స్త్రీ కావచ్చునని ఆ కాగితము అచ్చొత్తించినవారికి తట్టనే లేదు. ఆమె తదుపరి భాక్రా నంగల్ ప్రాజెక్టునకు సంబంధించిన విద్యుత్ పరికరముల రూపకల్పనలో పాలుపంచుకొనెను.

కొలువు దొరకిన పిమ్మటనైనను సమదృష్టి లభించినదా? సి. బి. ముత్తమ్మ 1949లో భారత విదేశాంగ సర్వీసునందు చేరిన ప్రథమ మహిళ. స్త్రీ అధికారి వివాహమాడుటకు ప్రభుత్వ అనుమతి పొందవలెననియు, సంసార బాధ్యతలు విధులకు అడ్డు వచ్చినచో రాజీనామా కోరవచ్చుననియు నిబంధనలుండెను. పురుషునకు సంసారము లేదు కాబోలు! ఆమె న్యాయస్థానమున కెక్కగా 1979లో సుప్రీం కోర్టు ఆ నిబంధనలను తీవ్రముగా విమర్శించెను. విమాన పరిచారికల సంగతియు నిట్టిదే. ముప్పదియైదేండ్ల వయస్సు వచ్చినను, చేరిన నాలుగేండ్లలోపల వివాహమైనను, ప్రథమ గర్భము ధరించినను వారు పదవి వీడవలసి యుండెను. 1981లో సుప్రీం కోర్టు గర్భధారణ నిబంధనను కొట్టివైచెను. వివాహ నిబంధనను మాత్రము నిలిపియుంచెను. న్యాయము కూడ మెట్టు మెట్టుగానే ఎక్కుచు వచ్చినది.

ఇవి పట్టణములలోని పెద్ద కొలువుల ముచ్చటలని పల్లెవారు ఊరకుండుటకు వీలులేదు. పల్లెకన్న పెద్ద కార్యాలయము దేశమున లేదు. వరినాట్లు, కలుపుతీత, మిరపకోత, పత్తితీత – ఇవి యన్నియు ఎక్కువగా స్త్రీల చేతులమీదనే సాగును. వీనికి “ఆడకూలి” అని ఒక పేరు పెట్టి, ఆ పేరుతోనే ధర తగ్గించుట పెక్కు చోట్ల వాడుక. బురదలో ప్రొద్దు వాలువరకు నడుము వంచి నాటు వేయుటకు బలము అక్కరలేదా? సమానమైన పనికి సమాన వేతనమని రాజ్యాంగము 39వ అధికరణమున ఆదేశించినది. 1976 నాటి సమాన వేతన చట్టము ఒకే పనికే గాక ఒకే విధమైన పనికిని ఈ న్యాయమును వర్తింపజేసినది. 2019 నాటి వేతనముల స్మృతియు ఆ సూత్రమునే గ్రహించినది. చట్టము పొలముగట్టువరకు నడచి రాజాలదు. దానిని అచ్చటికి కొనిపోవలసినది గ్రామస్థులే.

చట్టమునకు అందని అసమానత్వము ఇంటిలోపల కలదు. 2019లో కేంద్ర గణాంక శాఖ ప్రజలు కాలమును వినియోగించు విధమును లెక్కించినది. ఇంటిపనులు చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు జీతములేని ఆ పనులకు వెచ్చించుచున్నట్లు తేలినది. స్త్రీ భాగము దాదాపు ఐదు గంటలు! ఆటకైనను, చదువునకైనను, మంచి కొలువునకైనను మూలధనము కాలమే. సాయంకాలము అన్న బంతి పట్టుకొని మైదానమునకు పోవును; చెల్లెలు బిందె పట్టుకొని కుళాయికి పోవును. పదేండ్లు గడచిన పిమ్మట అన్నకు ఆట వచ్చుననియు, చెల్లెలికి రాదనియు ఇంటివారే తేల్చుదురు. మల్లేశ్వరివంటివారు ప్రతి పల్లెలోను పుట్టుచునేయుందురు. వారిలో ఎందరు బిందెల బరువుతోనే ఆగిపోవుచున్నారో లెక్కించినవారు లేరు.

కావున రజతోత్సవ వేళ గ్రామము చేయదగిన కార్యములు కొన్ని కలవు. పాఠశాల మైదానమున కొన్ని సాయంకాలములు బాలికలకే ప్రత్యేకింపవచ్చును. గ్రంథాలయ వేళలు స్త్రీలకు తీరికయైన సమయమునకు అనుకూలముగా మార్పవచ్చును. కార్యవర్గమున స్త్రీలకు స్థానము కల్పింపవచ్చును. కూలి నిర్ణయించునాడు పనిని చూచి ధర కట్టవలెను గాని, చేయువారిని చూచి కట్టరాదు. అన్నిటికన్న ముందు, ప్రతి గృహస్థుడు తన యింటి పనులలో తన భాగమేమో తానే విచారించుకొనవలెను. వీనిలో వేలకొలది ధనమడుగునది ఒక్కటియు లేదు. అలవాటును విడువుమని అడుగునవే అన్నియు. అందుచేతనే ఇవి కష్టమైన కార్యములు.

ఇనుప కడ్డీకి పక్షపాతము లేదు. నూట ముప్పది కిలోలు ఎవరికైనను నూట ముప్పది కిలోలే. పుస్తకమునకును పక్షపాతము లేదు. ఆ రెంటికిని గల ధర్మబుద్ధి మనుష్యులకు కూడ అలవడిననాడు, ఈ గ్రంథాలయపు స్వర్ణోత్సవ సభలో ఇట్టి ప్రసంగమునకు అవసరముండదు. ఆ దినము త్వరలో వచ్చుగాక!

స్వస్తి.