పాత కుట్టు – పాత కట్టు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేటి విషయము స్త్రీల పాత దుస్తులు. సుమారు నూటడెబ్బది ఏండ్ల క్రిందట, అనగా 1850 ప్రాంతమున, మన పల్లెలలో స్త్రీలు ధరించిన బట్టను అదే రీతిగా మరల కుట్టి చూడవచ్చునా? కుట్టినచో ప్రయోజనమేమి? ఇది పనిలేనివారి వేడుక యని కొందరనుకొనవచ్చును. ఆ మాట అనుటకు ముందు కొంత వినవలెను.

ఇంగ్లండు, అమెరికా దేశములలో ఇది పలువురకు తీరిక వేళల వ్యాసంగము. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగినది గదా. ఆనాటి గౌనులను అక్కడి స్త్రీలు నేడు ఇంటనే కుట్టుకొందురు. 1856లో పేటెంటు పొందిన ఉక్కు కమ్మీల పంజరము మీద గంపవలె ఉబ్బి నిలుచు గౌనులవి. మొదట లోపలి బట్టలు కుట్టి, వానిని తొడిగి, వానిపైననే పైబట్టకు కొలతలు తీసికొందురు. వారికి ఆధారములు మెండు. పాత పత్రికలలోని కత్తిరింపు పటములు, ఛాయాచిత్రములు, పెట్టెలలో దాగిన అసలు గౌనులు దొరకును. మరి మనకో?

మనకు పేర్లు కలవు. సోమనాథుని పేరుతో ముడిపడిన పాలకుర్తి నేడు జనగామ జిల్లాలో నున్నది. ఆ మహాకవి తన కావ్యములో వస్త్రభేదముల పేర్లను వరుసగా ఏకరువు పెట్టెను. చదువుటకు సొంపుగా నుండును. కాని ఆ పేరు గల బట్ట పలుచనిదో, దళసరిదో, అంచు వెడల్పెంతో పద్యము చెప్పదు. పేరు మిగిలి బట్ట పోయినది.

బట్టను దాచినవాడు మరియొకడు కలడు. ఫోర్బ్స్ వాట్సన్ అను స్కాట్లండు వైద్యుడు 1866లో హిందూదేశపు బట్టల నుండి 700 మచ్చు ముక్కలు కత్తిరించి, 18 సంపుటములలో అంటించి, అట్టివి 20 ప్రతులు సిద్ధపరచెను. అందు 13 బ్రిటనులో ఉంచి 7 మన దేశమునకు పంపిరి. మన నేతగాండ్ర మీది ప్రీతిచే చేసిన పని కాదది. ఈ దేశపు స్త్రీపురుషులు ఏ బట్ట కట్టుదురో ఎరిగి, అట్టి బట్టనే తమ మిల్లులలో నేసి మనకు అమ్ముకొనుటకు చేసినది. అయినను, మన బట్ట రూపు తెలియగోరువారికి నేడు ఆ సంపుటములే శరణ్యము. మగ్గమును ముంచుటకు కట్టిన పుస్తకమే మగ్గమునకు సాక్షియైనది!

ఇక కుట్టు సంగతి. చీరకు కుట్టేమున్నదని అడుగవచ్చును. నిజమే, చీరకు కావలసినది కట్టు. నేడు కుచ్చిళ్లు పోసి లంగాలోనికి దోపు కట్టు పాతది కాదు. గోచి పెట్టి కట్టు పెద్ద చీరకు లంగా అక్కరలేదు. భుజమున గుచ్చు పిన్నీసునకు అమెరికాలో పేటెంటు వచ్చినదే 1849లో. కనుక 1850 నాటి కట్టు కట్టగోరు నేటి పడతి మొదట లంగాను, పిన్నీసును విడువవలెను. అటుపిమ్మట నడువవలెను, వంగవలెను, బిందె ఎత్తవలెను. గోచికట్టు నాటువేయు స్త్రీకి ఎందుకు అనుకూలమో అప్పుడు ఒంటికి తెలియును. పుస్తకము చదివిన తెలియదు.

కుట్టు పని రవికలో నున్నది. హుక్కులు రాకముందటి రవిక ముందువైపు రెండు కొసలు కలిపి ముడివేయునది. ముడి రవిక యని పెద్దవారికి జ్ఞాపకమే. ఇంటింటికి కుట్టుమిషను వచ్చుటకు ముందు ఇది సూదితో కుట్టినది. సింగర్ తన మిషనుకు పేటెంటు పొందినది 1851లో. అది మన మేరవారి అరుగు మీదికి చేరుటకు చాల కాలము పట్టినది. పాత రవిక కుట్టువారు బట్టను వృథా చేయరాదను నియమముతో కత్తిరింపవలెను. వంపుగా కత్తిరించిన ముక్కలు వ్యర్థమగును. చదరముగా కత్తిరించి చంక క్రింద చిన్న చదరపు ముక్క అతికినచో బట్ట మిగులును, చేయి సులువుగా లేచును. పిదప అంచులు మడిచి తుర్పాయి వేయవలెను. ఒక పూట కూర్చుండి చేసిన వారికి ఆనాటి స్త్రీ కంటి శ్రమ ఎట్టిదో అర్థమగును.

రంగు విషయమున జాగ్రత్త వలయును. 1856లో పెర్కిన్ అను యువకుడు కృత్రిమమైన ఊదా రంగు కనుగొనువరకు బట్టల రంగులన్నియు చెట్టు చేమలనుండియో, పురుగులనుండియో, మట్టినుండియో వచ్చినవే. చిరివేరు ఎరుపు, నీలిమందు, పసుపు, పటిక, కరక్కాయ ఇవి చాలును. దుకాణములోని మెరయు గులాబి రంగు బట్ట తెచ్చి ‘ఇది మా ముత్తవ్వ రవిక’ యన్న ముత్తవ్వ నవ్వును. పట్టు కావలెనన్న భూపాలపల్లి జిల్లాలోని మహదేవపురము దసలి పట్టు నేతకు పేరుగన్నది. అడవిలో మద్ది ఆకు తిను పురుగు కట్టిన గూటి నుండి తీసిన దారమది. దాని తేనెరంగు పుట్టుకతో వచ్చినది.

1889 నాటికి సికిందరాబాదు నుండి బెజవాడ వరకు రైలు పట్టాలు పడెను. జనగామయు, మహబూబాబాదును ఈ దారిలోనివే. మిల్లు గుడ్డకు దారి తెరచిన ఆ రైలే, ఎద్దుల మీద ఉప్పును ధాన్యమును మోసి బ్రతికిన లంబాడీల వర్తకమును దెబ్బతీసినది. చిత్రమేమనగా, వర్తకము పోయినను వారి ఆడవారు కుట్టు విడువలేదు. మహబూబాబాదు ప్రాంతపు తండాలలో వృద్ధస్త్రీలు ఫేటియా, కాంచళి, టుక్రీ నేటికిని ధరింతురు. వీపున త్రాళ్లతో ముడివేయు కాంచళి, గవ్వలు, అద్దములు, నాణెములు కుట్టిన అంచులు చూచినవారు అవి అలంకారమనుకొందురు. కాని అందలి అతుకులన్నియు లెక్కప్రకారము వేసినవి. విదేశములలో స్త్రీలు గ్రంథములు తిరుగవేసి నేర్చుకొను విద్య ఇచట ఒక అవ్వ వ్రేళ్లలో నున్నది. ఆమె మనుమరాలు చుడీదారు తొడుగును. అది ఆమె ఇష్టము, తప్పు పట్టరాదు. కాని అవ్వ దగ్గర కూర్చుండి ఒక్క కాంచళి కుట్టి నేర్చుకొన్న మేలు. వార్షికోత్సవమునకు నగరపు కిరాయి దుకాణము నుండి లంబాడీ వేషము తెచ్చి పిల్లలను ఆడించుట కంటె అది వేయిరెట్లు గౌరవము.

మరియొక మాట, కొందరికి నచ్చకపోవచ్చును. పాత బట్ట అనగానే అందరును దొరసాని పట్టుచీరనే కుట్టబోవుదురు. 1850లో రవికయే లేని స్త్రీలెందరు? బ్రాహ్మణ గృహములలో వితంతువునకు రవిక నిషేధము. కూలికి పోవు తల్లికి రెండవ చీర లేదు. తిరువాన్కూరులో నాడారు స్త్రీలు ఎద కప్పుకొను హక్కు కొరకు పోరాడగా 1859లో గాని అచటి ప్రభుత్వము ఒప్పుకొనలేదు. కాబట్టి ఆనాటి బట్టలు కుట్టి బొమ్మలకు తొడిగి వరుసగా నిలిపినచో, ఆ వరుసలో రవిక లేని బొమ్మయు, అతుకుల చీర బొమ్మయు ఉండవలెను. లేనిచో అది చరిత్ర కాదు, పెండ్లి దుకాణము.

పుస్తకములు దాచు ఈ గ్రంథాలయమునందే బట్టలకొక పెట్టె ఉంచవచ్చును. పాత రవిక గాని, కాంచళి గాని తెచ్చి ఇచ్చువారు ధరించినవారి ఊరు, ఇంచుమించు ఏండ్లు, ఏ సందర్భమున కట్టిరో ఒక కాగితముపై వ్రాసి జతపరచిన చాలును. సబ్బుతో ఉతుకరాదు. కుట్టు విప్పి చూడరాదు. తిరుగవేసి లోపలి వైపు కుట్లు లెక్కపెట్టుకొని, కొలతలు వ్రాసికొని, క్రొత్త బట్టపై కుట్టవలెను. మడత ఒకేచోట పడకుండ ఆరునెలల కొకసారి మార్చి, ఎండు వేపాకు మూటగట్టి మూలన పెట్టవలెను. పత్రికల బీరువాలో క్రింది అర ఖాళీగా నున్నది; అచట చెమ్మ లేదు.