కొనుటకు ముందే కనుడు
(గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలనిరి. కట్టిన యిల్లు కొనుట సులభమని తలచి, కొన్ని యేండ్ల క్రిందట మేమొక పెంకుటిల్లు కొంటిమి. దానిపై వచ్చు అద్దె పిల్లల చదువున కక్కరకు వచ్చునని మా యాశ. గోడలు క్రొత్త సున్నముతో తళతళలాడుచుండెను. “ఉన్నది ఉన్నట్లుగా కొనుచున్నాము” అని దస్తావేజులో వ్రాసిరి. మేము సంతకము చేసితిమి.

తొలకరి వానలకు సున్నము వెనుకనున్న బీటలు బయటపడెను. మేస్త్రీ వచ్చి దూలమును ఉలితో పొడువగా, లోపలనంతయు చెదల మన్నే! పైన పటారము, లోన లొటారము. రెండేండ్ల అద్దెకు సరిపోవు సొమ్ము మరమ్మతులకే చెల్లిపోయెను.

ఆ యిల్లు నల్లరేగడి నేలపై నున్నది. ఆ నేల వానకు ఉబ్బును, ఎండకు కుదించుకొనిపోయి నెర్రెలు విచ్చును. పునాది లోతు చాలనిచో గోడలు పగులును. సున్నము ఆ పగులును దాచగలదే గాని మాన్పజాలదు.

చట్టము మనకు అండగా లేదా? కలదు. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, అమ్మువాడు తానెరిగియున్న ముఖ్యమైన లోపమును, కొనువాడు ఎరుగనిదియు, మామూలు జాగ్రత్తతో కనుగొనజాలనిదియు నైనచో, తప్పక తెలుపవలెను. కాని ఒడంబడికలో వేరు విధముగా వ్రాసికొన్నచో ఈ రక్షణ సన్నగిల్లవచ్చును. పైగా అమ్మినవారికి చెదల సంగతి ముందే తెలియునని రుజువు చేయుట మా తరము కాలేదు.

కావున బయానా ఇచ్చుటకు ముందే ఈ పనులు చేయుడు. వానలో నొకమారు, వేసవిలో నొకమారు ఇల్లు చూడుడు. నమ్మకమైన మేస్త్రీచే దూలముల కొనలను, గోడల అడుగుభాగములను పరీక్ష చేయింపుడు. బావిలో వేసవి నీటిమట్టమెంతో ఇరుగుపొరుగు వారి నడుగుడు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున ఈ.సి. తీసికొనుడు. అందు రిజిస్టరైన లావాదేవీలే కానవచ్చును గనుక వారసుల తగవులను వేరుగా విచారింపుడు. అమ్మువారు చెప్పిన మాటలను దస్తావేజులో వ్రాయింపుడు. చదువక, చదివించుకొనక సంతకము గాని వ్రేలిముద్ర గాని వేయకుడు.

తరువాత మేమా యిల్లు అమ్మితిమి. పునాది సంగతి, మార్చిన దూలముల సంగతి కొనువారికి ముందే చెప్పితిమి. ధర కొంత తగ్గినమాట నిజమే. కాని ఆ వీధిని పోవునపుడు తలయెత్తి నడువగలుగుచున్నాము. కొనునపుడు జాగ్రత్త, అమ్మునపుడు నిజాయితీ: ఈ రెండును ఉన్న ఊరిలో తగవులు తగ్గును.