వీధి అంతా కలిస్తే ఇంటింటా సౌర విద్యుత్తు



ఎండ మనకు కొత్త కాదు. మా బరంపురంలో వేసవి వచ్చిందంటే ఏ డాబా మీద చూసినా వడియాలు, అప్పడాలు, మాగాయ ముక్కలే. అదే ఎండతో ఇంటికి కావలసిన కరెంటు తీసుకోవచ్చునని అందరికీ తెలుసు. కాని ఒక్కరుగా తలపెట్టాలంటే జంకు. ఖర్చెంత? ఎవరిని నమ్మాలి? తుఫాను వస్తే ఏమవుతుంది? వీధివాళ్లు నలుగురూ కూర్చుంటే ఈ ప్రశ్నలు తేలికపడతాయి. ఆ సంగతే ఈ రోజు చెప్పుకుందాం.

ముందుగా లెక్క చూద్దాం. ఒక కిలోవాట్ సౌర ఫలకాలకు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి 2 కిలోవాట్లు చాలు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో కేంద్రం సబ్సిడీ 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, ఆపైన ఎంతైనా 78,000 రూపాయలుగా నిర్ణయించారు. అయితే ఈ సొమ్ము పని పూర్తయి, తనిఖీ జరిగాకే యజమాని ఖాతాలో పడుతుంది. ముందు పెట్టుబడి మనమే చూసుకోవాలి.

మరి పది ఇళ్లవారు కలిస్తే ఒరిగేదేమిటి? దరఖాస్తు, మీటరు, ఖాతా ఎవరివి వారివే. కాని ముగ్గురు నలుగురు గుర్తింపు పొందిన కాంట్రాక్టర్లను పిలిచి, ఒకే షరతుల మీద ధర అడగవచ్చు. ఒకరి బేరం వేరు, పదిమంది బేరం వేరు. తెలిసిన ఇంజనీరు ఒకరు వచ్చి అన్ని కప్పులూ ఒకే రోజు చూడవచ్చు. ఏ స్లాబు పాతబడిందో, దేనికి ముందు మరమ్మతు కావాలో అక్కడే తేలుతుంది.

మన తీరంలో మరొక మాట తప్పనిసరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు సుమారు 200 కిలోమీటర్లు. కనుక ఫలకాలు బిగించే ఇనుప చట్రం ఎంత గాలికి తట్టుకుంటుందో కాగితం మీద రాయించుకోవాలి. ఇంకొకటి. బ్యాటరీ లేని ఏర్పాటు వీధిలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ల మీద పనిచేసే వారి ప్రాణరక్షణ కోసం అలా అమర్చారు. ఇది ముందే తెలియకపోతే తరువాత మనసు కష్టపెట్టుకుంటారు.

అసలు చిక్కు డబ్బు దగ్గర రాలేదు, నీడ దగ్గర వచ్చింది. మా వీధిలో ఒక పెద్దావిడ పెరట్లో కొబ్బరిచెట్టు ఉంది. ఫైలిన్‌కు చుట్టుపక్కల చెట్లన్నీ పడిపోగా అది ఒక్కటే నిలిచింది. మధ్యాహ్నం దాని నీడ పక్కింటి డాబా మీద పడుతుంది. ఒక్క ఫలకం మీద నీడ పడితే దానితో వరుసగా కలిపిన మిగతావాటి ఉత్పత్తీ తగ్గవచ్చు. పక్కింటాయన, "చెట్టు తీసేయండి పిన్నిగారూ, ఖరీదు ఇచ్చేస్తాను" అన్నారు. ఆవిడ, "గాలి తియ్యలేని చెట్టును నువ్వు తీస్తావా నాయనా?" అన్నారు. ఆ తరువాత వారం రోజులు మాటలు లేవు.

చివరికి పదిమందీ కలిసి డాబా ఎక్కి, ఉదయం నుంచి సాయంత్రం దాకా నీడ ఎక్కడికి జరుగుతుందో సుద్దముక్కతో గీశారు. మెట్లగది వైపు నీడ పడని జాగా కనిపించింది. 3 కిలోవాట్లు అనుకున్నది 2తో సరిపెట్టుకున్నారు. చెట్టు నిలిచింది, మాటలూ కలిశాయి.

పక్కింటివారు రేపు మరో అంతస్తు వేస్తారా, ఫలకాల దుమ్ము ఎవరు కడుగుతారు, కాంట్రాక్టరు అయిదేళ్ల నిర్వహణ బాధ్యత రాతపూర్వకంగా ఒప్పుకున్నాడా అన్నవి కూడా ముందే మాట్లాడుకోండి. ఎండ అందరి డాబా మీదా పడుతుంది. దాన్ని తగువు లేకుండా వాడుకోవడం మాత్రం మన చేతుల్లో ఉంది.