తాళము పడిన ఫైళ్లు

పెట్టెను ఎత్తుకొనిపోవు దొంగను మనము చిరకాలముగా ఎరుగుదుము. పెట్టెను మన యింటనే ఉంచి, దానికి తన తాళము వేసి, తాళపుచెవికి వెల అడుగు దొంగ మాత్రము ఈ కాలపువాడు. కంప్యూటరులోనికి చొరబడి, ఫైళ్లను గూఢలిపిలోనికి మార్చి, డబ్బు కోరు ప్రోగ్రామునకు రాన్సమ్‌వేర్ అని పేరు. పిల్లల ఛాయాచిత్రములు, దుకాణపు లెక్కలు, రోగుల వివరములు ఉన్నచోటనే ఉండును. కాని ఏ యొక్కటియు తెరచుకొనదు.

ఈ తాళమును పగులగొట్టగలమా? గూఢలిపి సక్రమముగా అమరినచో, లోకములోని కంప్యూటర్లన్నియు కలిసి పనిచేసినను అది సాధ్యము కాదు. మరి ఫైళ్లను తిరిగి తెరచు డిక్రిప్షన్ సాధనములు ఎట్లు పుట్టినవి? దొంగ పొరపాటుపడినప్పుడు, తాళపుచెవులు పరుల చేజిక్కినప్పుడు, లేదా దొంగయే వానిని విడిచిపెట్టినప్పుడు పుట్టినవి.

ఈ మూడింటికిని నిదర్శనములు కలవు. 1989లో తపాలాలో వచ్చిన ఫ్లాపీల ద్వారా వ్యాపించి, పనామాకు 189 డాలర్లు పంపుమని కోరిన ప్రోగ్రాము వాడిన పద్ధతి మిక్కిలి సరళమైనది. జిమ్ బేట్స్ దానికి విరుగుడు రచించెను. 2014లో అనేక దేశముల పోలీసులు క్రిప్టోలాకర్ ముఠాపై దాడిచేసిన పిమ్మట, చేజిక్కిన తాళపుచెవులతో బాధితులకు ఉచితముగా సహాయము లభించెను. 2016లో టెస్లాక్రిప్ట్ కర్తలు తమ దుకాణము కట్టివేసినప్పుడు, ఈసెట్ సంస్థ పరిశోధకుడొకరు అడుగగా, ప్రధానమైన తాళపుచెవిని బయటపెట్టిరి. ఆ దినమువరకు తాళము పడిన ఫైళ్లను ఓపికతో దాచుకొన్నవారు లాభపడిరి. విసుగుతో చెరిపివేసిన వారికి తాళపుచెవి దొరికియు పెట్టె లేకపోయెను.

2017 మే 12న చెలరేగిన వానాక్రై, ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లను కొన్నింటిని కూడ తాకినది. కొలది దినములలోనే ఫ్రాన్సు దేశీయుడైన ఆడ్రియన్ గినే, తాళపుచెవి తయారీకి వాడిన ప్రధాన సంఖ్యలు కొన్ని పాత విండోస్ యంత్రముల మెమరీలో చెరగక మిగిలియుండుట కనుగొనెను. అయితే యంత్రమును ఆపి మరల నడిపిన వారికి ఆ జాడ దక్కలేదు.

కావున ఆపద వచ్చినప్పుడు మనము చేయవలసిన దేమి? మొదట ఆ కంప్యూటరును ఇంటర్నెట్టునుండియు, తక్కిన యంత్రములనుండియు విడదీయవలెను, తొందరపడి ఆపివేయరాదు. బెదరింపు లేఖను, తాళము పడిన ఫైళ్లను వేరొక డిస్కులో భద్రపరచవలెను. భారతదేశమున 1930 నంబరుకు ఫోనుచేసి ఫిర్యాదు చేయవచ్చును. 2016లో డచ్చి పోలీసులు, యూరోపోల్, మరి రెండు సంస్థలు కలిసి నెలకొల్పిన ‘నో మోర్ రాన్సమ్’ వెబ్‌సైటులో, తాళము ఏ జాతిదో గుర్తించుటకును, ఉన్నచో తగిన సాధనమును ఉచితముగా పొందుటకును వీలున్నది. చొరబడిన ప్రోగ్రామును ముందుగా తొలగించి, సాధనమును నకళ్లపైననే ప్రయోగించవలెను. ఒక తాళమునకు చేసిన సాధనము మరియొక దానిపై వాడినచో ఉన్న ఫైలు చెడిపోవచ్చును.

డబ్బు చెల్లించినను ఫైళ్లు తిరిగివచ్చునన్న పూచీ లేదు. నేడు సాధనము లేని తాళమునకు రేపు దొరకవచ్చును, ఎన్నటికిని దొరకకపోవచ్చును. అందుచేత ముఖ్యమైన ఫైళ్ల నకలు నొకదానిని, కంప్యూటరుకు తగిలించి ఉంచని డిస్కులో నేడే దాచుకొనుట మంచిది. ఆ నకలు ఉన్న యింట దొంగ తాళమునకు వెల లేదు.