దస్త్రంలోకి ఎక్కని మాట

(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో ఎల్.డి.సి.గా చేరి, ముప్పై అయిదేళ్లు ఫైళ్లు రాసి దిగిపోయినవాణ్ణి. కార్యదర్శిగారు భాష గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. డి.ఏ. బకాయిల మీదైతే గంట మాట్లాడగలను గానీ భాష మీద నేనేం చెబుతానండీ అన్నాను. ఆయన వదల్లేదు. కనుక నాకు తెలిసిన నాలుగు ముక్కలు మనవి చేసుకుంటాను.

2015లో బాహుబలి సినిమా వచ్చిన కొత్తలో మా మనవడు ఇంట్లో కాలకేయుడి భాష మొదలెట్టాడు. దాని పేరు కిలికి అట. తమిళ కవి మదన్ కార్కి ఆ సినిమా కోసం మాటలు, వ్యాకరణం కూర్చి తయారుచేశారు. మిన్ అంటే నేను, నిమ్ అంటే నువ్వు. ఒకరోజు భోజనాల దగ్గర వాడు నా కంచంలో చెయ్యి పెట్టబోతే, మా ఇంటావిడ “ఎంగిలిరా, ఆగు” అంది. వాడు కాసేపు ఆలోచించి, “తాతా, ఎంగిలికి కిలికిలో మాట లేదు” అన్నాడు. ఎలా ఉంటుంది నాయనా, ఆ భాషలో యుద్ధం చేశారే గానీ పంక్తిలో కూర్చుని అన్నం తిన్నవాళ్లు లేరు కదా అన్నాను. నవ్వులాటకే అన్నాను గానీ, తర్వాత చాలా రోజులు ఆ మాట నన్ను వదల్లేదు.

కల్పించిన భాషల్లో పేరుపడ్డది ఎస్పరాంటో. జామెన్‌హోఫ్ అనే కళ్ల డాక్టరు 1887లో వార్సా నగరంలో దాన్ని ప్రకటించారు. అన్ని దేశాలవాళ్లకూ సుళువుగా అర్థం కావాలని చేసిన భాష అది. చిత్రమేమిటంటే, ఆ భాషలోనూ తర్జుమాకు లొంగని మాటలు పుట్టాయి. ‘క్రోకోడీలి’ అని ఒక మాట ఉంది. మొసలి పేరులోంచి వచ్చింది. నలుగురూ ఎస్పరాంటో మాట్లాడుకునే చోట ఒకడు తన సొంత భాష అందుకుంటే, వాడు మొసలి పని చేస్తున్నాడంటారు. ఆ అర్థం పుస్తకం రాసినాయన పెట్టింది కాదు. దేశదేశాలవాళ్లు ఒకచోట చేరి, నవ్వుకుని, విసుక్కున్న తర్వాత పుట్టింది. మాటలు ఎవరైనా కల్పించవచ్చు. ఆ మాటలతో నలుగురూ కలిసి బతికితేనే వాటికి ప్రాణం వస్తుంది.

ఆ లెక్కన మనమూ ఒక కల్పిత భాషలోనే ఉద్యోగం చేశాం. “తమకు తెలియజేయునది ఏమనగా” అని ఏ తల్లీ బిడ్డతో అనదు. “పరిశీలనలో ఉన్నది” అంటే ఫైలు ఎవరూ ముట్టలేదని మనకొక్కరికే తెలుసు. శాశ్వతంగా ఉంచే కాగితం ఆర్.డిస్., కొంతకాలం ఉంచి చింపేసేది ఎల్.డిస్. మొన్న ఒక మిత్రుడు, “రిటైరయ్యాక మనం ఆర్.డిస్.మా, ఎల్.డిస్.మా?” అని అడిగాడు. ఈ హాల్లో నవ్వినవాళ్లందరికీ అది అర్థమైంది. మన పిల్లలకు ఎంత విడమరిచినా అంతే ఇదిగా నవ్వు రాదు.

ఇక ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. 1970ల చివర నేను ఏజెన్సీ ప్రాంతంలో ఒక ఆఫీసులో పనిచేశాను. ఒక సవర ఊరి పక్కనుంచి రోడ్డు వేయాలనుకున్నారు. ఆ ఊరి పెద్దాయన నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. రోడ్డు కొంచెం పక్కకు జరపమని అడుగుతున్నాడు. తెలుగు సరిగా రాదు. “అక్కడ మా సోనుం ఉంది” అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. సోనుం అంటే ఏమిటయ్యా అని మా అటెండరును అడిగాను. “దెయ్యాలండీ” అన్నాడు. నేను రాశాను: “సదరు స్థలములో దయ్యములున్నవను మూఢనమ్మకముతో గ్రామస్థులు అభ్యంతరము చెప్పుచున్నారు.” రెండు రోజుల్లో దాని మీద సంతకమైంది. రోడ్డు పడింది. అక్కడ పాతిపెట్టి ఉన్న రాళ్లు పీకి పక్కన పారేశారు.

సర్వీసు చివర్లో ఒక సవర ఉపాధ్యాయుడు ఆ మాటకు అర్థం చెప్పారు. చనిపోయిన మనిషి సోనుం అవుతాడు. పూజ చేసేవారి గొంతులో వచ్చి ఇంటివాళ్లతో మాట్లాడతాడు, అడుగుతాడు, అలుగుతాడు. ఇంటివాళ్లు జవాబు చెబుతారు, వాదిస్తారు, ఏడుస్తారు. జబ్బు తెచ్చేదీ సోనుమే, కాపాడేదీ సోనుమే. పోయినవారి పేరున రాళ్లు పాతుతారు. పియర్స్ విటెబ్‌స్కీ అనే బ్రిటిష్ పరిశోధకుడు సవరల మధ్య ఏళ్ల తరబడి ఉండి 1993లో వెలువరించిన గ్రంథానికి ఈ సంభాషణలే విషయం. ఇప్పుడు ఆ పద్ధతి చాలా ఊళ్లలో తగ్గిపోయింది. మనం తద్దినం పెడతాం, కాకికి పిండం పెడతాం. అంతేగానీ పోయిన నాన్నగారితో కూర్చుని తగువు తీర్చుకోం. అందుచేత మనకు ఆ మాట లేదు. పితృదేవతలన్నా పూర్తిగా సరిపోదు. దయ్యం అన్నది మాత్రం అన్యాయం.

“పెద్దల పేరున పాతిన రాళ్లున్న చోటు” అని ఒక్క వాక్యం రాసి ఉంటే, పైఅధికారి ఒకసారైనా వెళ్లి చూసేవారేమో. దిద్దుదామంటే ఆ ఫైలు ఎల్.డిస్. అయి ఎప్పుడో చింపేశారు.

ఇక్కడ మన జిల్లావారైన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిని తలచుకోవాలి. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. వాడుక భాష కోసం పోరాడారని దండలు వేస్తాం. అదే ఆయన పర్లాకిమిడిలో పంతులు ఉద్యోగం చేస్తూ సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడులు పెట్టారు, 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. నేను ఆ పెద్దాయన మాటకు అర్థం వెతికింది ఒక్క నిమిషం. పంతులుగారు వాళ్ల భాషకు దశాబ్దాలు ఇచ్చారు.

చివరగా ఒక్క విన్నపం. మనలో చాలామంది ఇప్పటికీ ఇరుగుపొరుగువారికి అర్జీలు రాసిపెడుతున్నాం. పింఛను కోసమో, పట్టా కోసమో ఎవరైనా వచ్చి చెబుతున్నప్పుడు మీకు తెలియని మాట దొర్లితే, దాన్ని వెంటనే మన ఆఫీసు భాషలోకి దించేయకండి. వాళ్ల మాటను వాళ్ల మాటగానే రాయండి. “అంటే ఏమిటమ్మా” అని అడిగి, వాళ్లు చెప్పిన అర్థం దాని పక్కన రాయండి. కాగితం ఒక వాక్యం పెరుగుతుంది, అంతే.